పుల్లఐసు అంగడి

మెక్సికో దేశపు పడమటి భాగమున మిచోఅకాన్ అను రాష్ట్రము కలదు. అందలి తొకూంబొ అను చిన్న పట్టణపు మొగదల, బాటసారులందఱికిని కనబడునట్లు, ఒక పెద్ద స్మారకము నిలిచియున్నది. అది రాజుది కాదు, వీరునిది కాదు, పుల్లఐసుది. క్రొత్తవారు దానిని చూచి నవ్వుకొనవచ్చును. కాని ఆ ఊరివారికది గౌరవచిహ్నము. వారి కుటుంబము లనేకము పుల్లఐసు వలననే బ్రదుకు తెరువు గాంచినవి.

1940-50 సంవత్సరముల నడుమ ఆ ఊరివారు కొందఱు పొట్ట చేతబట్టుకొని రాజధానియగు మెక్సికో నగరమునకు వెడలి, పుల్లఐసు అంగళ్లు తెఱచిరి. వ్యాపారము సాగిన పిమ్మట వారు చేసిన పని గమనింపదగినది. తమ బంధువులకును, ఊరివారికిని అంగళ్లను అప్పుపై నొసగి, సంపాదించి తీర్చుకొమ్మనిరి. మాటయే అందు పత్రము. బాగుపడినవారు మఱికొందఱి కట్లే చేసిరి. ఈ విధమున అంగళ్లు దేశమంతట వ్యాపించినవి. వానిలో పెక్కింటికి ‘లా మిచోఅకానా’ అని పేరు. మిచోఅకాన్ పడతి యని దాని యర్థము. పేరొక్కటియే యైనను వానికన్నిటికి యజమాని యొక్కడు కాడు. ఆ పేరు ఎవరి సొత్తను వివాదము అమెరికా న్యాయస్థానముల వఱకును పోయినది.

1942 మొదలు 1964 వఱకు, ఇరుదేశముల ప్రభుత్వముల ఒడంబడికచే, మెక్సికో కూలీలు లక్షలకొలది అమెరికా పొలములలో పనికి పోయిరి. ఆ తరువాతను వలస యాగలేదు. మనుష్యుల వెంట వారి రుచులును పోవుట సహజము. లాస్ ఏంజిలస్ నగరమునను, చికాగో నగరమందలి లిటిల్ విలేజ్ అను పేటయందును నేడు మెక్సికోవారి పుల్లఐసు అంగళ్లు కనబడును.

దీనిని చేయు విధ మిట్టిది. పండ్లరసమునుగాని, పాలతో కలిపిన గుజ్జునుగాని ఉక్కు అచ్చులలో పోయుదురు. ఆ అచ్చులను చల్లని ఉప్పునీటి తొట్టిలో దించుదురు. మంచినీరు సున్న డిగ్రీల వద్ద గడ్డకట్టును; ఉప్పునీ రంతకంటె చల్లబడినను ద్రవముగనే యుండును. అందుచే అది అచ్చులను అన్ని వైపుల నంటియుండి, రసములోని వేడిమిని త్వరగా లాగివేయును. అచ్చులో పుల్ల గ్రుచ్చియుంచినచో, గడ్డకట్టినపు డది పిడియగును.

ఆ అంగళ్లలోని రుచులు తెలుగు బాలురకు వింతగొల్పవు. మామిడిపండు పుల్లఐసుపై కారమును, నిమ్మరసమును చల్లి యిత్తురు. చింతపండుతో చేసినది మఱియొకటి. ఎఱ్ఱ గోంగూర కాయలను కప్పియుండు రేకులను కాచి, ఆ రసముతోడను చేయుదురు. మామిడి, చింత మనవైపునుండి ఓడలపై మెక్సికో చేరినవి. మన ఊరగాయలకు ప్రాణమైన మిరపకాయయో, ఆ ఖండమునుండియే పోర్చుగీసు వర్తకుల మూలమున మనకు వచ్చినది.

పరదేశమున ఆ అంగడి చల్లని తినుబండారము లమ్ము చోటు మాత్రమే కాదు. మన పల్లెలలో రచ్చబండ యెట్టిదో అక్కడివారి కది యట్టిది. ఆదివారము ప్రార్థన ముగిసిన పిదప కుటుంబములు అచ్చట చేరును. పని యెక్కడ దొరకునో, ఇల్లెక్కడ ఖాళీగా నున్నదో, స్వగ్రామమున ఎవరెట్లున్నారో అచ్చటనే తెలియును. పగలెల్ల రాని భాషలో తడబడిన మనుష్యుడు అచ్చట తన మాతృభాషలో తలయెత్తి మాటలాడును. అమెరికాలో పుట్టిన మనుమడు తన తాతయూరి పండ్ల పేర్లు అచ్చట నేర్చుకొనును.

అట్లని ఆ వ్యాపారము సుఖమైనది కాదు. చికాగో చలికాలమున వీధులు మంచుతో నిండిపోవును. పుల్లఐసు నడుగువారు తగ్గుదురు. అద్దె మాత్రము తగ్గదు. అందుచే పలువురు వేడి పానీయములను, వేయించిన తినుబండారములను గూడ అమ్ముచు వేసవికై వేచియుందురు. అంగడి మూతపడినచో నష్టపోవువాడు యజమాని యొక్కడే కాడు. ఆ పేటవారికి కూడుటకు చోటే కఱవగును.

పుల్లఐసు కొలది నిమిషములలో కరగిపోవును. అది తినుచు కలిసిన మనుష్యుల నడుమ ఏర్పడిన చెలిమి మాత్రము నిలుచును. ఊరు విడిచినవారికి ఆ చెలిమియే రెండవ ఊరు.