సైట్ డౌన్ చేస్తే టెర్రరిస్ట్ అయిపోతారా?

2012 వేసవిలో ఎన్టీఆర్ ‘దమ్ము’ సినిమాకీ, సుప్రీంకోర్టు వెబ్‌సైట్ పడిపోవడానికీ లింక్ ఉందంటే నమ్ముతారా? ఉంది. కాకపోతే వయా చెన్నై.

‘దమ్ము’, ధనుష్ ‘3’ సినిమాలు పైరసీ కాకుండా ఆపాలని చెన్నైలోని ఒక కంపెనీ మద్రాస్ హైకోర్టు నుంచి ఆర్డర్లు తెచ్చుకుంది. పైరసీ చేసేది ఎవరో ముందే తెలీదు కదా, అందుకని ఎవరి పేరూ లేకుండా, ఎవరికైనా వర్తించేలా ఇచ్చే ఆర్డర్ అది. జాన్ డో ఆర్డర్ అంటారు. అది చేతికి రాగానే ఇంటర్నెట్ కంపెనీలు ఫలానా లింక్ అని చూసుకోకుండా సైట్లకి సైట్లే బ్లాక్ చేసేసాయి. పైరేట్ బే పోయిందంటే సరే, విమియో కూడా పోయింది. షార్ట్ ఫిల్మ్స్ తీసేవాళ్లు సొంత వీడియోలు పెట్టుకునే సైట్ అది! దీని మీద కోపంతో ఎనానిమస్ అనే గ్రూప్ మే 17న సుప్రీంకోర్టు, కాంగ్రెస్ పార్టీ సైట్ల మీద పడింది. ఆర్డర్ ఇచ్చింది మద్రాస్ హైకోర్టు అయితే సుప్రీంకోర్టు ఏం పాపం చేసిందని నన్ను అడక్కండి.

ఇలా ఒక రాజకీయ విషయం కోసం, ఒక నిరసనగా చేసే హ్యాకింగ్‌ని హ్యాక్టివిజం అంటున్నారు. ఇది తప్పా ఒప్పా అన్నది ఒక ప్రశ్న. ఇది టెర్రరిజమా అన్నది ఇంకో ప్రశ్న. మన డిబేట్లలో ఈ రెండూ ఎప్పుడూ కలిసిపోతాయి. నా వరకు చాలాసార్లు ఇది నేరమే, కానీ టెర్రరిజం కాదు. ఆ తేడా ఎందుకు ముఖ్యమో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు అసలు ఏం చేస్తారో చూద్దాం. సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చిన రోజు యూనివర్సిటీ సైట్ ఎలా ఉంటుందో మనకి చెప్పక్కర్లేదు. అందరం ఒకేసారి రిఫ్రెష్ కొడతాం, సర్వర్ చేతులెత్తేస్తుంది. ఆ పరిస్థితిని కావాలని తెప్పించడమే డీడాస్ ఎటాక్. లోపలికి ఎవరూ వెళ్లరు, ఏ ఫైలూ దొంగిలించరు. గుమ్మం ముందు గుంపు కడతారంతే. అందుకే దీన్ని చాలామంది రాస్తారోకోతో పోలుస్తారు. 2013 జనవరిలో డీడాస్‌ని చట్టబద్ధమైన నిరసనగా గుర్తించమని వైట్‌హౌస్ వెబ్‌సైట్‌లో ఒక పిటిషన్ కూడా పెట్టారు.

పోలిక బానే ఉంది గానీ పూర్తిగా అతకదు. రాస్తారోకోలో మన మొహం కనిపిస్తుంది, మనిషికి ఒక్క ఒళ్లే ఉంటుంది. పోలీస్ వచ్చి ఎత్తి వ్యాన్‌లో పడేస్తాడు, దానికి సిద్ధపడే కూర్చుంటాం. బాట్‌నెట్‌తో చేసే డీడాస్‌లో ఒక్కడే వేల కంప్యూటర్లని, వాటి ఓనర్లకి తెలియకుండా, రోడ్డు మీద కూర్చోబెడతాడు. అది ధర్నా కాదు, ఊళ్లో వాళ్లందరి బళ్లూ ఎత్తుకొచ్చి రోడ్డుకి అడ్డం పెట్టడం.

అయినా సరే, రోడ్డు అడ్డగించినవాణ్ణి మనం టెర్రరిస్ట్ అనం. కేసు పెడతాం. ఆ రోడ్డు మీద అంబులెన్స్ ఆగిపోయి, ఆగుతుందని తెలిసే ఆపితే అప్పుడు లెక్క మారుతుంది.

2010 డిసెంబర్‌లో పేపాల్, మాస్టర్‌కార్డ్, వీసా కలిసి వికీలీక్స్‌కి డొనేషన్లు వెళ్లకుండా ఆపేసాయి. ఎనానిమస్ వాళ్లు ‘లో ఆర్బిట్ అయాన్ కెనాన్’ అనే టూల్ వదిలారు. (పేరు ఒక వీడియో గేమ్‌లోని ఆయుధానిది. వీళ్ల వయసు ఎంతో అక్కడే తెలిసిపోతోంది.) డౌన్‌లోడ్ చేసి బటన్ నొక్కడమే. ఆ టూల్ నొక్కినవాడి ఐపీ అడ్రస్ దాచదు, ఆ సంగతి నొక్కిన వాళ్లలో చాలామందికి తెలీదు. పేపాల్ దాదాపు వెయ్యి ఐపీ అడ్రస్‌ల లిస్ట్ తీసుకెళ్లి ఎఫ్‌బీఐకి ఇచ్చింది. అమెరికాలో 14 మంది మీద కేసు పెట్టారు. చివరికి చాలామంది జైలు లేకుండా, తలా 5,600 డాలర్లు పేపాల్‌కి కట్టి బయటపడ్డారు. బ్రిటన్‌లో 22 ఏళ్ల స్టూడెంట్‌కి మాత్రం 18 నెలల జైలు పడింది.

ఇక్కడ బ్రిటన్ సంగతి గమనించాలి. వాళ్ల 2000 నాటి టెర్రరిజం చట్టంలో, రాజకీయ కారణంతో ప్రభుత్వాన్ని లొంగదీయడానికో జనాన్ని బెదిరించడానికో ఒక ఎలక్ట్రానిక్ సిస్టమ్‌ని తీవ్రంగా దెబ్బతీస్తే అది కూడా టెర్రరిజం కిందకే వస్తుంది. అంటే కాగితం మీద హ్యాక్టివిస్టులని అందులో ఇరికించడానికి దారి ఉంది. అయినా ప్రాసిక్యూషన్ ఆ దారిలో వెళ్లలేదు, కంప్యూటర్ల పనికి ఆటంకం కలిగించే కుట్ర అనే మామూలు నేరం కిందే నడిపింది. ఆ మామూలు నేరమే సరిపోయింది కూడా.

మరి హ్యాకింగ్ ఎప్పుడూ టెర్రరిజం కాదా? అవుతుంది. 2015లో కొసావోకి చెందిన ఒక కుర్రాడు, మన సీనియర్ల వయసే, 20, ఒక కంపెనీ సర్వర్‌లోంచి దాదాపు 1,300 మంది అమెరికన్ సైనికులు, ప్రభుత్వోద్యోగుల వివరాలు లాగి ఐసిస్‌కి ఇచ్చాడు. వాళ్లని చంపమన్న పిలుపుతో ఐసిస్ ఆ లిస్ట్ బయట పెట్టింది. అతనికి 20 ఏళ్ల శిక్ష పడింది. అదే సర్వర్‌లోకి దూరి, అదే డేటా తీసి, ‘మీ సెక్యూరిటీ చెత్తగా ఉంది’ అని ఆ కంపెనీకి మెయిల్ పెట్టేవాడు కూడా చట్టం తప్పినట్టే. కానీ వాడూ వీడూ ఒకటేనా?

మధ్యలో ఉన్న కేసులే అసలు తలనొప్పి. 2011 చివర్లో స్ట్రాట్‌ఫర్ అనే అమెరికన్ ఇంటెలిజెన్స్ కంపెనీని హ్యాక్ చేసినవాళ్లు దాదాపు 60,000 మంది క్రెడిట్ కార్డుల వివరాలు కూడా తీసేసారు. వాటితో 7 లక్షల డాలర్లకి పైగా ఖర్చు పెట్టారు, అందులో కొంత చారిటీలకి ఇచ్చారు. రాబిన్‌హుడ్ అనుకున్నారేమో. ఆ కార్డుల వాళ్లు ఏం పాపం చేసారు? ముఖ్యుడికి పదేళ్లు పడింది. ఇలాంటి చోట నాకు జాలి తక్కువే. అయినా అది దొంగతనం, టెర్రరిజం కాదు.

‘మాస్క్ వెనక ఎవరున్నారో తెలియనప్పుడు ఉద్దేశం ఎలా తెలుస్తుంది’ అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్నే. 2016లో ‘గుచిఫర్ 2.0’ అని ఒంటరి హ్యాకర్‌లా తిరిగిన పేరు వెనక నిజానికి రష్యా మిలిటరీ ఇంటెలిజెన్స్ ఆఫీసర్లు ఉన్నారని అమెరికా 2018లో కేసు పెట్టింది. హ్యాక్టివిస్ట్ అని చెప్పుకున్న ప్రతివాడినీ నమ్మక్కర్లేదు. కానీ ఎవరో తెలియదు కాబట్టి అందరినీ టెర్రరిస్టులనే అనుకుందాం అంటే, అది దర్యాప్తు చేయాల్సిన పనిని ఒక్క పదంతో తప్పించుకోవడమే.

ఇప్పుడు మన చట్టానికి వద్దాం. ఐటీ చట్టంలో 66ఎఫ్ అని ఒక సెక్షన్ ఉంది. (2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది 66ఏ. అది వేరు.) 26/11 ముంబై దాడులు జరిగిన నెల లోపే, 2008 డిసెంబర్‌లో పార్లమెంట్ దీన్ని పాస్ చేసింది. సైబర్ టెర్రరిజానికి యావజ్జీవం వరకు శిక్ష. మామూలు డీడాస్‌కి సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మూడేళ్లకీ యావజ్జీవానికీ మధ్య తేడా అంతా ఒక్క పదంలో ఉందన్నమాట.

66ఎఫ్ మొదటి భాగం నాకు న్యాయంగానే కనిపిస్తుంది. దేశ సమైక్యత, భద్రతలకి ముప్పు తేవాలనో జనంలో భయం పుట్టించాలనో ఉద్దేశం ఉండాలి. దాని వల్ల ప్రాణాలు పోవడమో, ఆస్తి నష్టమో, అత్యవసర సేవలు ఆగడమో జరగాలి, లేదా జరిగే అవకాశం ఉండాలి. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ మీద ర్యాన్సమ్‌వేర్ ఎటాక్ జరిగి దాదాపు రెండు వారాలు రిజిస్ట్రేషన్లు, రిపోర్టులు కాగితం మీదే నడిచినప్పుడు ఢిల్లీ పోలీసులు సైబర్ టెర్రరిజం కేసు పెట్టారు. నా లెక్కలో అది అంబులెన్స్ ఆగిన కేసు. విమియో కోసం కోర్టు సైట్‌ని కాసేపు పడగొట్టడం ఈ భాగంలో పట్టదు.

భయం రెండో భాగంతోనే. అందులో భయం పుట్టించే ఉద్దేశం అన్న షరతే లేదు. అనుమతి లేకుండా లోపలికి వెళ్లి, బయటికి ఇవ్వకూడని సమాచారం తీసి, దాని వల్ల దేశ భద్రతకో విదేశీ సంబంధాలకో హాని జరగొచ్చని తెలిస్తే చాలు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ లిస్ట్ ఇంకా పోతుంది: సభ్యత, నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం. ఒక పెద్దమనిషి అవినీతి ఫైల్ సర్వర్‌లోంచి తీసి బయటపెట్టినవాడు హ్యాకింగ్‌కి శిక్ష పడాల్సినవాడే అనుకుందాం. కానీ ఈ అక్షరాల ప్రకారం వాడి మీద టెర్రరిస్ట్ కేసు పెట్టొచ్చు. అదే పరువు నష్టం పేపర్లో రాసి చేస్తే గరిష్ఠ శిక్ష రెండేళ్లు.