స్పార్క్ ప్లగ్గులో నిరోధం ఎందుకు?

మా అన్నయ్యగారి అబ్బాయి రాయపూర్‌లో ఉంటూ, నవా రాయపూర్‌లోని కాలేజీకి రోజూ మోటారు సైకిలు మీద వెళ్ళి వస్తాడు. కిందటి వర్షాకాలంలో బండి దారిలో మిస్సింగ్ కొట్టసాగింది. మెకానిక్కు ఇగ్నిషన్ కాయిల్ మార్చాలన్నాడట. అంత డబ్బు పెట్టే ముందు తానే చూద్దామని వాడు ల్యాబులో వాడే మల్టీమీటరు ముందేసుకు కూర్చున్నాడు. నేను వెళ్ళేసరికి రెండు ప్లగ్గులు చూపించాడు.

"బాబాయ్, బండి ప్లగ్గుకి మీటరు 4,800 ఓమ్‌లు చూపిస్తోంది. తాతయ్య పాత స్కూటరు ప్లగ్గుకి సున్నా. అంటే పాతదే మంచిదా?"

నిజానికి రెండూ ఉండవలసిన విధంగానే ఉన్నాయి. వాడి బండి ప్లగ్గులో నిరోధాన్ని తయారీదారులే కావాలని పెట్టారు. ఎందుకో తెలియాలంటే రేడియో చరిత్రలోకి తొంగిచూడాలి.

1887లో హైన్రిచ్ హెర్ట్జ్ రెండు లోహపు గుండ్ల మధ్య విద్యుత్ మెరుపు పుట్టించి, విద్యుదయస్కాంత తరంగాలు వెలువడతాయని నిరూపించాడు. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ ప్రదర్శన, 1901లో మార్కోనీ అట్లాంటిక్ దాటించిన సంకేతం, రెండింటికీ మూలం అటువంటి మెరుపే. స్పార్క్ ప్లగ్గులో జరిగేదీ అదే. అంటే ప్రతి పెట్రోలు ఇంజనూ ఒక చిన్న రేడియో ప్రసార కేంద్రమన్నమాట! వీధిలో పాత స్కూటరు వెళ్తే రేడియోలో బరబరమని శబ్దం రావడానికి కారణం ఇదే. 2020 ఏప్రిల్‌లో వచ్చిన బి.ఎస్.-6 నిబంధనల తర్వాత మన మోటారు సైకిళ్ళలో చాలావాటికి ఇంధనాన్ని చిన్న కంప్యూటరే కొలిచి పోస్తోంది. ఈ అల్లరి తరంగాలు దాన్ని కూడా తికమక పెట్టగలవు. అందుకే ప్లగ్గు పింగాణీ లోపల, మధ్య కడ్డీకి అడ్డంగా సుమారు 5,000 ఓమ్‌ల నిరోధాన్ని అమరుస్తారు. ప్లగ్గు మీది పేరులోని 'ఆర్' అక్షరం సాధారణంగా దీనికి గుర్తు. ఉదాహరణకు 'బి.పి.6.హెచ్.ఎస్' నిరోధం లేనిది, 'బి.పి.ఆర్.6.హెచ్.ఎస్' ఉన్నది.

మరి నిరోధం అడ్డుపడితే మెరుపు బలహీనపడదా? చాలామంది మెకానిక్కుల అనుమానం ఇదే. ఓమ్ నియమాన్ని గుర్తుచేసుకోండి. మెరుపు పుట్టక ముందు ప్లగ్గు గుండా ప్రవాహం దాదాపు లేదు. ప్రవాహం లేనిచోట నిరోధం వల్ల ఓల్టేజి తగ్గదు. కాయిల్ ఇచ్చిన 15,000 ఓల్టులూ కొనకు చేరతాయి. మెరుపు పుట్టిన క్షణంలో మాత్రం పదుల ఆంపియర్లకు ఎగబాకే ప్రవాహాన్ని 15,000 భాగించు 5,000, అంటే 3 ఆంపియర్లకు మించనివ్వదు. రేడియో గోల పుట్టేది ఆ ఎగబాకుడులోనే. తర్వాత మెరుపును నిలిపి ఉంచే ప్రవాహం 50 మిల్లీ ఆంపియర్లే అనుకుంటే, నిరోధంలో పోయేది 250 ఓల్టులు. ఇంజను దాన్ని లెక్కచేయదు.

ఇక పరీక్ష. ఇంజను ఆపి, చల్లారాక ప్లగ్గు విప్పాలి. నడుస్తున్న ఇంజను తీగకు మీటరు తగిలించడం ప్రాణాపాయం. పై కొనకూ లోపలి మధ్య ఎలక్ట్రోడ్‌కూ మధ్య 'ఆర్' ప్లగ్గయితే 3,000 నుండి 7,500 ఓమ్‌ల వరకు రావచ్చు. పై కొనకూ బయటి ఇనుప మరకూ మధ్య మాత్రం మీటరు ఏమీ చూపకూడదు. చూపితే మసి పేరుకుని విద్యుత్తు పక్కదారి పడుతోందని అర్థం. అయితే మీటరులోనిది చిన్న బ్యాటరీ. పింగాణీలోని సన్నని బీట దానికి దొరకదు, వేల ఓల్టులకు దొరుకుతుంది. కాబట్టి రీడింగు చెడితే ప్లగ్గు చెడినట్టే గాని, రీడింగు బాగుంటే ప్లగ్గు బాగున్నట్టు కాదు.

మావాడి ప్లగ్గు రెండు పరీక్షల్లోనూ నెగ్గింది. అప్పుడు ప్లగ్గు టోపీ విప్పమన్నాను. చాలా బళ్ళలో అందులోనూ ఒక నిరోధం ఉంటుంది. మీటరు ముళ్ళు దానికి రెండు వైపులా ఆనించి మెల్లగా కదిపితే అంకె ఒకసారి 5,000, మరోసారి ఏమీ లేదు. లోపల వాన నీరు చేరి ఇత్తడి ముక్క పచ్చగా చిలుము పట్టింది. టోపీ మార్చాక మిస్సింగ్ పోయింది, కాయిల్ పాతదే ఉంది.