భవనాల ప్లానులో వన్యప్రాణులకూ చోటు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ తెలుగువారికి కొత్త ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉద్యోగాలకు వెళ్లినవారి కుటుంబాలు తరతరాలుగా అక్కడే ఉన్నాయి. రైల్వే కాలనీ కాబట్టి పాత క్వార్టర్ల మధ్య విశాలమైన ఆవరణలు, రోడ్ల పక్కన పెద్ద చెట్లు కనిపిస్తాయి. ఇలాంటి చోట అపార్టుమెంట్లు కట్టాలనుకుంటే అదంతా ఖాళీ స్థలంలాగే అనిపిస్తుంది. జీవశాస్త్రం దృష్టిలో అది ఖాళీ కాదు.

ముసలి నిద్రగన్నేరునే తీసుకోండి. కొమ్మ విరిగిన చోట ఏళ్ల తరబడి చెక్క పుచ్చి తొర్ర ఏర్పడుతుంది. రామచిలుకలు, గోరింకలు, చిన్న గుడ్లగూబలు గూడు కోసం ఎక్కువగా ఇలాంటి తొర్రల మీదే ఆధారపడతాయి. కంసాలి పిట్ట తానే తొలుచుకోగలదు, కానీ దానికీ ఎండిన మెత్తటి కొమ్మ కావాలి. ఒక చెట్టు కొట్టి పది మొక్కలు నాటితే కాగితం మీద లాభమే. ఆ పది మొక్కల్లో తొర్ర ఏర్పడటానికి దశాబ్దాలు పడుతుంది.

అందుకే ప్లాను గీయకముందే సర్వే జరగాలి, అదీ ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి. ఏప్రిల్‌లో ఎండిన గుంటగా కనిపించేది జూలైలో కప్పలు గుడ్లు పెట్టే చోటు. ఏ చెట్టు ఉంచాలో తేలాక, కనీసం దాని కొమ్మలు పరుచుకున్నంత మేర నేలకు కంచె వేయాలి. లారీలు తిరిగితే మట్టి గట్టిపడి వేళ్లకు గాలి, నీరు అందవు. చెట్టును కొట్టకపోయినా కొన్నేళ్లకు అది ఎండిపోతుంది.

చెరువుల విషయంలో బెంగాల్‌కు చట్టం ఉంది. 1984 నాటి మత్స్యచట్టం, దాని సవరణల ప్రకారం 0.035 హెక్టార్లు, అంతకు మించిన చేపల చెరువును పూడ్చకూడదు. పూడ్చకుండా చుట్టూ నిలువు సిమెంటు గోడ కట్టినా నష్టమే: కప్పపిల్లలు ఒడ్డెక్కలేవు, తూనీగ పిల్లపురుగులు నీటి నుంచి పైకి రావడానికి గడ్డికాడ దొరకదు. దోమపిల్లలను తినేవి ఆ పురుగులే. ఒక పక్కనైనా ఏటవాలు మట్టి ఒడ్డు ఉంచితే చాలు.

ఖరగ్‌పూర్ చుట్టూ ఉన్నది ఎర్రటి లాటరైట్ నేల, సాల వృక్షాల సీమ. నరికిన సాల మొదలు నుంచి మళ్లీ చిగురు వస్తుంది. అదే జిల్లాలోని అరబారిలో 1970ల ఆరంభంలో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ గ్రామస్తులతో కలిసి కాపలా ఏర్పాటు చేస్తే, క్షీణించిన అడవి పాత మొదళ్ల నుంచే తిరిగి లేచింది. శివారు స్థలాన్ని బుల్డోజరుతో చదును చేస్తే ఆ మొదళ్లూ పోతాయి. తర్వాత నర్సరీ మొక్కలకు పెట్టే ఖర్చులో చాలావరకు చేజేతులా తెచ్చుకున్నదే.

ఇంగ్లండులో 2024 ఫిబ్రవరి నుంచి, కొన్ని మినహాయింపులతో, కొత్త నిర్మాణాలు ఆవాస విలువను 10 శాతం పెంచి 30 ఏళ్లు కాపాడాలి. మన దేశంలో 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మాణాలకు 2006 నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి అవసరం. కానీ ఆవాసాన్ని ముందూ తర్వాతా కొలిచి ఇంత పెంచాలన్న లెక్క అందులో లేదు.

ఇక పాముల భయం. అది నిజమైన భయమే, కొట్టిపారేయకూడదు. ఎత్తుగా పెరిగే గడ్డిని, పొదలను చెరువు వైపు చివర ఉంచి, ఇళ్లకూ నడకదారులకూ ఇరువైపులా గడ్డి పొట్టిగా కోయించాలి. చెత్తకుండీలకు మూతలుంటే ఎలుకలు తగ్గుతాయి, వాటి వెంట ఇళ్ల దాకా వచ్చే పాములూ తగ్గుతాయి.