వాన అంచు ఎక్కడ?

కరీంనగర్‌లో మన వీధిలో కుండపోత పడుతుంది. డాబా మీది బట్టలు తీసేలోపే తడిసి ముద్దవుతాయి. నాలుగు వీధుల అవతల వదినగారింట్లో చినుకైనా రాలదు! ఇదేం విడ్డూరం కాదు, వాన స్వభావమే అంత. రేడియోలో "అక్కడక్కడ జల్లులు" అంటే నవ్వుతాం గాని, అది నిజమైన మాటే.

కాలీఫ్లవర్ తరిగేటప్పుడు గమనించారా? తుంచిన రెమ్మ కూడా చిన్న పువ్వులాగే ఉంటుంది, దాన్నీ తుంచితే మళ్ళీ అంతే. ఇలాంటి ఆకారాలకు మాండెల్‌బ్రాట్ అనే గణితవేత్త 1975లో 'ఫ్రాక్టల్' అని పేరు పెట్టాడు. 1982లో లవ్‌జాయ్ అనే శాస్త్రజ్ఞుడు ఉపగ్రహ, రాడార్ చిత్రాల్లో మబ్బుల్నీ, వాన పడే మేరనూ కొలిచాడు. అప్పడం వైశాల్యం నాలుగింతలైతే అంచు రెండింతలవుతుంది గదా. మబ్బు అంచు మాత్రం సుమారు రెండున్నర రెట్లు పెరిగింది! చిన్న మబ్బుకైనా, వందల కిలోమీటర్లు పరుచుకున్న మబ్బుకైనా అదే లెక్క.

కనుక జిల్లా సగటు వర్షపాతం చూసి ధీమాగా కూర్చోలేం. పాత ఆదిలాబాద్ జిల్లాలోని కడెం ప్రాజెక్టు సంగతే చూడండి. సుమారు మూడు లక్షల క్యూసెక్కులు వదలగల ఆనకట్ట అది. 2022 జూలైలో ఎగువన కురిసిన వానలకు అయిదు లక్షల దాకా వరద వచ్చి పడింది. దిగువ ఊళ్ళవాళ్ళు పిల్లాజెల్లలతో ఇళ్ళు వదలవలసి వచ్చింది. ఏ వాగు మీద ఎంత కురిసిందో సగటు అంకె చెప్పదు మరి. రెండు వర్షమాపకాల నడుమ పడ్డ కుండపోత లెక్కకే రాదు. అందుకే వాటిని దగ్గర దగ్గరగా పెడతారు, నడుమ ఖాళీల కోసం రాడార్ చూస్తారు.