ఇంట్లోనే తూటాలు నింపుకునే అమెరికన్లు: ప్రతి ప్రైమర్‌కూ లెక్క ఎందుకు? హెచ్-1బీ వీసాదారులకు ఇందులో ప్రమాదం ఏమిటి?

టేబుల్ మీద చిన్న త్రాసు. పక్కనే ట్రేలో వరుసగా నిలబెట్టిన ఇత్తడి కేసులు, ఒక పౌడర్ డబ్బా, అంచులు నలిగిన నోటు పుస్తకం.

అమెరికాలో తుపాకులున్న చాలా ఇళ్లలో, గరాజ్‌లోనో బేస్‌మెంట్‌లోనో ఇలాంటి మూల ఒకటి ఉంటుంది. కాల్చేసిన తూటాల ఖాళీ కేసులను ఏరి తెచ్చి, శుభ్రం చేసి, మళ్లీ నింపుకుంటారు. దీన్నే 'రీలోడింగ్' అంటారు. వేటకు వెళ్లేవారు, షూటింగ్ పోటీల్లో పాల్గొనేవారు ఖర్చు తగ్గించుకోవడానికి, తమ తుపాకీకి సరిగ్గా నప్పే తూటా కోసం ఈ పని చేస్తుంటారు.

భారత్‌లో దీన్ని ఊహించడం కూడా కష్టం. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటా తయారు చేయడం నేరం. 2019 సవరణ తర్వాత దానికి శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం వరకు ఉంది.

అమెరికాలో సొంత వాడకానికి నింపుకుంటే ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. అమ్మాలంటే మాత్రం కావాలి. మామూలు తూటాలు ఎవరికి అమ్మారో దుకాణదారులు రాసి ఉంచాలన్న నిబంధన 1968 చట్టంలో ఉండేది. దాన్ని 1986లో తొలగించారు.

అంటే లెక్క చూపించమని ఫెడరల్ ప్రభుత్వం అడగదు. అయినా అనుభవం ఉన్న రీలోడర్లు బ్యాంకు క్యాషియర్‌లా లెక్క రాసుకుంటారు. ఆ లెక్క వాళ్ల చేతివేళ్లకు, కళ్లకు సంబంధించింది మరి.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల పౌడర్, పైన బుల్లెట్. మనం మాటల్లో తూటా మొత్తాన్నీ బుల్లెట్ అనేస్తాం కానీ, బయటికి దూసుకెళ్లే లోహపు ముక్క పేరే బుల్లెట్.

పౌడర్‌ను గ్రెయిన్లలో తూస్తారు. గ్రాముకు దాదాపు 15 గ్రెయిన్లు, పౌండుకు 7,000. కొన్ని పిస్టల్ తూటాలకు 5 గ్రెయిన్లు చాలు. అంటే ఒక పౌండు డబ్బాతో 1,400 తూటాలు నింపొచ్చు.

చిక్కు ఇక్కడే ఉంది. ఇంత కొద్దిపాటి పౌడర్ కేసులో సగం కూడా నిండకపోవచ్చు. పరధ్యానంలో ఒకే కేసులో రెండుసార్లు పోసినా పొంగి బయటపడదు. అలాంటి తూటా పేలితే తుపాకీయే బద్దలు కావచ్చు. అసలు పోయడమే మరిచిపోతే ఇంకో ప్రమాదం. ప్రైమర్ ఒక్కటే పేలి, బుల్లెట్ గొట్టంలో సగం దూరం వెళ్లి ఇరుక్కుంటుంది. అది గమనించకుండా రెండోసారి కాలిస్తే గొట్టం పగిలిపోవచ్చు.

అందుకే పని మొదలుపెట్టేటప్పుడే 50 కేసులు, 50 ప్రైమర్లు, 50 బుల్లెట్లు లెక్కపెట్టి పెట్టుకుంటారు. చివర్లో ఒక ప్రైమర్ మిగిలిందంటే ఏదో ఒక కేసుకు అది పడలేదన్నమాట. ఒకటి తక్కువైతే కింద పడి ఉండొచ్చు. దెబ్బ తగిలితే పేలే వస్తువు కాబట్టి ఊడ్చే ముందే వెతకాలి.

పౌడర్ లెక్క అంత తేలిక కాదు. 50 తూటాలకు 250 గ్రెయిన్లు ఖర్చయిందో లేదో తూచి చూడొచ్చు కానీ, ఐదు గ్రెయిన్ల తేడా కొలతల హెచ్చుతగ్గుల్లో కలిసిపోవచ్చు. కాబట్టి బుల్లెట్ పెట్టేముందు లైటు వేసి ప్రతి కేసులోకీ తొంగిచూడటానికి ప్రత్యామ్నాయం లేదు. నోటు పుస్తకం కంటికి తోడు మాత్రమే.

ఇక పూర్తయిన ప్రతి పెట్టెపై తేదీ, పౌడర్ పేరు, దాని లాట్ నంబర్, ఎన్ని గ్రెయిన్లు పోశారు, ఏ ప్రైమర్, ఆ కేసులు ఎన్నోసారి వాడుతున్నారు అన్నవి రాస్తారు. ఇత్తడి కేసు వాడే కొద్దీ పలచబడి పగుళ్లిస్తుంది. ఎన్నోసారో తెలియకపోతే ఎప్పుడు పారేయాలో తెలియదు. పౌడర్ కంపెనీలు లోపమున్న సరుకును వెనక్కి పిలిచేది కూడా లాట్ నంబర్‌తోనే. పుస్తకంలో ఆ నంబర్ ఉంటే ఒక 50 తూటాలు విప్పితే సరిపోతుంది. లేకపోతే ఇంట్లో ఉన్నవన్నీ అనుమానించాల్సిందే.

ఇంట్లో ఎంత ఉంచుకోవచ్చు?

అమెరికా అగ్నిమాపక ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 495 ప్రకారం నివాసాల్లో 20 పౌండ్ల (సుమారు 9 కిలోలు) వరకు స్మోక్‌లెస్ పౌడర్‌ను కంపెనీ డబ్బాల్లోనే ఉంచాలి. 20 నుంచి 50 పౌండ్ల వరకు ఉంటే కనీసం ఒక అంగుళం మందం గోడలున్న చెక్క పెట్టెలో పెట్టాలి. ప్రైమర్లు 10,000 మించకూడదు. స్థానిక నిబంధనలు దీనికి భిన్నంగా ఉండొచ్చు.

10,000 వినడానికి పెద్ద సంఖ్యే. కానీ ప్రైమర్లు వెయ్యేసి చొప్పున అమ్ముతారు. తగ్గింపు ధర కనిపించినప్పుడల్లా ఒక ప్యాకెట్ తెచ్చి అల్మరాలో పడేసే మనిషికి పరిమితి దాటిన సంగతి కూడా తెలియదు. 2020 కొరత తర్వాత ఈ అలవాటు మరీ పెరిగింది. ఆ ఏడాది తుపాకుల కొనుగోలు తదితరాల కోసం 3.9 కోట్లకు పైగా బ్యాక్‌గ్రౌండ్ తనిఖీలు జరిగాయి. పెద్ద తూటాల కంపెనీ రెమింగ్టన్ అదే ఏడాది దివాలా పిటిషన్ వేసింది. ప్రైమర్లు దుకాణాల్లో కనిపించకుండా పోయాయి.

ప్రైమర్లను కంపెనీ ట్రేలోంచి తీసి సీసాలో పోసుకోవడం అన్నిటికన్నా ప్రమాదకరం. ట్రేలో ఒకదానికొకటి దూరంగా ఉంటాయి, సీసాలో ఒకటి పేలితే అన్నీ పేలొచ్చు. పౌడర్‌కూ అంతే. పేరు చెరిగిపోయిన డబ్బాలో ఉన్నది ఏదో చూసి పోల్చుకోలేం. పుల్లటి ఘాటు వాసన, ఎర్రటి పొగలాంటిది కనిపిస్తే పౌడర్ చెడిపోతోందని అర్థం. పాత బియ్యం ముందు వండుకున్నట్టు, తెరిచిన తేదీ రాసుకుని పాతది ముందు వాడతారు.

వీసాపై ఉన్నవారు ఏం గమనించాలి?

అమెరికాలోని తెలుగువారికి నేరుగా తగిలే విషయం ఇది. హెచ్-1బీ, ఎఫ్-1, ఎల్-1, హెచ్-4, విజిటర్ వంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాలపై వచ్చినవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉన్నవారి వంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్‌కార్డ్ ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. 2022 నుంచి ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు.

చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. ఆ చట్టంలో 'తూటా' అంటే నింపిన తూటా ఒక్కటే కాదు. కేసు, ప్రైమర్, బుల్లెట్, పౌడర్ విడివిడిగా కూడా ఆ నిర్వచనంలోకే వస్తాయి. తుపాకీ లేదు కదా, ప్రైమర్లే కదా అంటే కుదరదు.

ఫైరింగ్ రేంజ్‌లో సరదాగా కాల్చినా కేసు కావచ్చు. స్టూడెంట్ వీసాపై వచ్చి, చదువు ఆగిపోయి, అక్కడే ఉండిపోయిన రెహైఫ్ అనే వ్యక్తిపై రేంజ్‌లో కాల్చిన తర్వాతే అభియోగాలు వచ్చాయి. తాను నిషేధిత వర్గంలో ఉన్నట్టు నిందితుడికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని 2019లో ఆ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అది విచారణ దశలో పనికొచ్చే వాదన. అరెస్టును, వీసా చిక్కులను ఆపదు.

ఇల్లు మారుతున్న గ్రీన్‌కార్డ్ స్నేహితుడు "నెల రోజులు మీ గరాజ్‌లో పెట్టుకుంటావా" అని అట్టపెట్టెలు దింపి వెళ్లాడనుకుందాం. వాటిలో పౌడర్, ప్రైమర్లు ఉన్నాయని తెలిసీ తాళం చెవి తన దగ్గరే ఉంచుకున్న హెచ్-1బీ ఉద్యోగి చిక్కుల్లో పడొచ్చు. పెట్టె ఎవరిదన్న దానికంటే, అది ఎవరి అధీనంలో ఉందన్నదే అక్కడ ప్రశ్న.

ఇండియాకు వచ్చే సూట్‌కేసు విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగు జేబులో మిగిలిపోయిన ఒక్క తూటా చాలు, ఇక్కడి విమానాశ్రయంలో స్కానర్ పట్టేస్తుంది. తెలిసే ఉంచుకున్నారా లేదా అన్నది మన కోర్టులు చూస్తాయి, ఆ కారణంతో కేసులు కొట్టేసిన సందర్భాలూ ఉన్నాయి. కాకపోతే ఆ మాట కోర్టులో చెప్పుకునే నాటికి ఫ్లైట్ ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది.