మహేంద్రగిరిలో లావా లేదు

మహేంద్రగిరి ఒకప్పుడు అగ్నిపర్వతమా? ఈ ప్రశ్న ఈమధ్య మరీ ఎక్కువైంది. శివరాత్రికి శ్రీకాకుళం వైపు మందస మీదుగా కొండెక్కే భక్తులు అడుగుతారు, చలికాలం సెలవుల్లో జట్లుగా నడకకి వచ్చే ఉద్యోగులూ అడుగుతారు. అడిగితే పర్వాలేదు. సగంమంది అడగరు, చెప్పేస్తారు. ‘ఈ నల్లరాళ్ళు చూశారా, లావాయే’ అని పక్కవాళ్ళకి పాఠం మొదలెడతారు. ఈ నమ్మకం ఎక్కణ్ణించి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. మన ఊళ్ళ పిల్లలు యూరప్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. సెలవులకి ఇటలీయో గ్రీసో వెళ్ళి, గైడు వెనక పదిమందితో కలిసి అగ్నిపర్వత ద్వీపాల మీద నడిచి, నల్ల ఇసుకలో నిలబడి ఫొటోలు పంపుతున్నారు. వాటిని చూసిన కళ్ళతో బారువ తీరంలో నల్లటి చారలు చూస్తాం. సుమ్మాదేవి స్టేషన్లో బండి ఆగినప్పుడు కొండల నెత్తిన పొగలాంటిది చూస్తాం. ఇంకేముంది, మనకీ ఒక అగ్నిపర్వతం ఉందని తేల్చేస్తాం.

ముందు ఆ ద్వీపాల సంగతి చూద్దాం. సిసిలీకి ఉత్తరాన సముద్రంలోంచి స్ట్రాంబోలి అనే కొండ లేచి ఉంటుంది. ఎత్తు 924 మీటర్లు, అంటే మహేంద్రగిరిలో మూడింట రెండు వంతులు కూడా లేదు. కానీ రెండు వేల ఏళ్ళకి పైగా అది దాదాపు ఆగకుండా నిప్పులు చిమ్ముతూనే ఉంది. పది నిమిషాలకో ఇరవై నిమిషాలకో ఒక చిన్న పేలుడు. పాతకాలపు నావికులు దాన్ని మధ్యధరా దీపస్తంభం అనేవారు. అక్కడ నడక అంటే ఎండ తగ్గాక తలకి హెల్మెట్ పెట్టుకుని, గైడు వెంట వరసగా ఎక్కి, చీకట్లో ఆ ఎర్రటి చిమ్ముడు చూసి దిగి రావడం. 2019 జులై 3న మామూలుకి ఎన్నో రెట్లు పెద్ద పేలుడు జరిగి, కొండ మీద నడుస్తున్న ఒకాయన చనిపోయాడు. ఆ తర్వాత శిఖరానికి దారి మూశారు. గైడు ఉన్నా 400 మీటర్ల దాకానే అన్నారు. అక్కడ గైడు పని దారి చూపించడం కాదు. దారి ఎవరికైనా కనిపిస్తుంది. శాస్త్రవేత్తల పరికరాలు ఏం చెబుతున్నాయో తెలుసుకుని, ఎప్పుడు వెనక్కి తిరగాలో చెప్పడమే అతని పని.

అక్కడ నిప్పు ఎందుకుందంటే, ఆఫ్రికా వైపు నేల యూరప్ వైపు నేల కిందికి దిగిపోతోంది కాబట్టి. దిగే నేల తనతో నీటిని కూడా లోతుకి మోసుకుపోతుంది. నీరు తగిలితే వేడి రాయి తక్కువ వేడికే కరుగుతుంది. కరిగింది పైకి వస్తుంది. ఈ నీటి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది. మన తీరంలో ఏ నేలా ఏ నేల కిందికీ దిగడం లేదు. ఆ పని బంగాళాఖాతానికి అవతలి గట్టున, అండమాన్ దగ్గర జరుగుతోంది.

మరి కొండ మీద ఆ పొగ? అది మబ్బు. 1501 మీటర్ల కొండ సముద్రానికి ఇంత దగ్గర్లో నిలబడితే, తడిగాలి దాన్ని తాకి పైకి ఎక్కక తప్పదు. పైకెక్కే గాలి చల్లబడుతుంది, అందులోని ఆవిరి బొట్లు కడుతుంది. అంతే. ‘బరంపురం అవతల తప్తపానిలో వేడినీళ్ళు ఉబుకుతున్నాయి కదా, గంధకం వాసన వేస్తోంది కదా’ అనేవాళ్ళూ ఉన్నారు. భూమిలోకి ఒక కిలోమీటరు దిగితే సుమారు 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. వాననీరు పగుళ్ళ వెంట బాగా లోతుకి దిగి, కాగి, మరో పగులు వెంట పైకి వస్తే వేడినీటి ఊట అవుతుంది. అగ్నిపర్వతం అక్కర్లేదు. ఆ నీళ్ళు అమ్మవారి మహిమ అనేవాళ్ళతో నాకు పెద్ద తగువు లేదు. వాళ్ళు భక్తి పేరుతో భక్తి మాటే చెబుతున్నారు. సైన్సు పేరు పెట్టి కట్టుకథ చెప్పేవాళ్ళతోనే నాకు తగువు.

ఇక అసలు సాక్షి రాయి. మహేంద్రగిరి దారిలో విరిగిన బండ కనిపిస్తే వంగి దగ్గర్నుంచి చూడండి. పైన నల్లగా ఉన్నదంతా ఎండకీ వానకీ పట్టిన మకిలి, రాతిని అంటుకుని బతికే నాచులాంటి జీవం. లోపల మాత్రం ఎర్రటి గింజలు, తెల్లటి చారలు, సన్నటి సూదుల్లాంటి పలుకులు కనిపిస్తాయి. ఎర్ర గింజ గార్నెట్. సూదులు సిల్లిమనైట్. అక్కడక్కడా పెన్సిల్ ములుకులా మెరిసేది గ్రాఫైట్. ఈ రాయి ఖొండలైట్. మన కొండల్లో ఉండే ఖోండుల పేరే దీనికి పెట్టారు. కోణార్క సూర్యదేవాలయం కట్టిందీ ఈ జాతి రాయితోనే.

దీని పుట్టుక పలాస, కాశీబుగ్గ వాళ్ళకి జీడిపిక్కతో చెబితే చాలు. పచ్చి పిక్కని బాయిలర్‌లో ఆవిరికి పెడతారు. పిక్క కరగదు. పొంగి పొర్లదు. చూడ్డానికి అదే పిక్క. లోపల మాత్రం సంగతి మారిపోతుంది. తొక్క పెళుసెక్కుతుంది, పప్పు తొక్కని వదులుతుంది, కొట్టేవాళ్ళ చేతికి లొంగుతుంది. మహేంద్రగిరి రాయి ఇలా ఉడికిన రాయి. లావా కరిగి పొర్లిన రాయి. ఉడకడం, కరగడం ఒకటి కాదు. వంద కోట్ల ఏళ్ళకి ముందు ఇది ఏదో సముద్రం అడుగున పేరుకున్న బంకమట్టి, బురద. నేలలు ఒకదానితో ఒకటి గుద్దుకుని, మడతలు పడి, ఆ బురద పాతిక కిలోమీటర్లు, అంతకన్నా కూడా లోతుకి పోయింది. తూర్పు కనుమల్లో కొన్నిచోట్ల 900 డిగ్రీలు దాటిన వేడి గుర్తులు రాళ్ళలో దొరికాయి. ఆ వేడిలో, ఆ బరువు కింద, బురదలోని అల్యూమినియం, ఇనుము, సిలికా కొత్త జతలు కట్టుకుని గార్నెట్, సిల్లిమనైట్ అయ్యాయి. బురదలో ఇరుక్కున్న జీవుల కర్బనం గ్రాఫైట్ అయింది. ఇదంతా రాయి గట్టిగా ఉండగానే, గింజ పక్కన గింజ మెల్లగా పెరుగుతూ జరిగింది.

అంత వేడికి ఎందుకు కరిగిపోలేదు? కొద్దిగా కరిగింది. పిక్కని కాల్చినప్పుడు తొక్కలోంచి జీడినూనె ఊరినట్టే, బురదరాతిలోంచి ముందుగా కరిగే పదార్థం కాస్త కాస్త చెమర్చింది. ఆ తెల్లటి చారలు అవే. అయితే ఆ చెమ్మతో పాటు రాతిలో ఉన్న నీరు కూడా చాలామటుకు వెళ్ళిపోయింది. నీరు పోయిన రాయి మొండికేస్తుంది, ఎంత కాల్చినా ఇక సులభంగా కరగదు. స్ట్రాంబోలి కింద నీరు వచ్చి చేరుతోంది, మహేంద్రగిరి కింద నీరు విడిచిపోయింది. తేడా అంతా అక్కడుంది. మరి పాతిక కిలోమీటర్ల కిందిది పైకెలా వచ్చింది? తొక్క తీశారు కాబట్టి. కొండలు లేవడం, వానలు, నదులు కలిసి పై రాతినంతా కోట్ల ఏళ్ళు గీరి సముద్రంలో పోశాయి. ఇప్పుడు మనం ఎక్కేది పప్పు మీదికి. పలుకులు వరసలుగా ఉండి పలకలుగా చీలే ఖొండలైట్ జీడిపప్పు బద్ద అనుకుంటే, ఈ కొండల్లోనే చీలకుండా బండలా నిలబడే మరో రాయి, చార్నొకైట్, గుండుపప్పు. ఇక పోలిక ఆపకపోతే ధర కూడా కట్టేస్తాను.

చార్నొకైట్ గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పకుండా ఉండలేను. ముదురు రంగులో, నూనె రాసినట్టు ఉండే ఈ రాయినే మనవాళ్ళు లావా అంటున్నారు. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ ఏజెంటు జాబ్ చార్నాక్ సమాధి మీది రాతిపలక ఈ జాతి రాయే. థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1893లో దాన్ని పరిశీలించి ఆయన పేరే రాయికి పెట్టాడు. మద్రాసు దగ్గరి కొండల్లో, మన తూర్పు కనుమల్లో, అంటార్కిటికాలో ఇలాంటి రాళ్ళున్నాయి. అంటార్కిటికాలో ఉండడం కాకతాళీయం కాదు. మన తీరం, అక్కడి తీరం ఒకప్పుడు అతుక్కుని ఉండేవి. సుమారు 13 కోట్ల ఏళ్ళ క్రితం విడిపోయాయి. ఇక లావాకీ దీనికీ తేడా ఇట్టే పట్టుకోవచ్చు. లావా త్వరగా చల్లారుతుంది కాబట్టి దాని పలుకులు కంటికి ఆనవు, చాలాసార్లు గాలి బుడగల గుంతలుంటాయి. చార్నొకైట్ పలుకులు కళ్ళద్దాల్లేకుండా లెక్కపెట్టొచ్చు.

కొండ దాకా వెళ్ళలేనివాళ్ళు వంటింట్లోకి వెళ్ళండి. టెక్కలి చుట్టుపక్కల క్వారీల నుంచి దేశాలకి పోయే నీలి గ్రానైట్ పలక మీ గట్టు మీద ఉంటే, అందులో ఎర్రటి చుక్కలు వెతకండి. అవీ గార్నెట్లే. వ్యాపారంలో దాన్ని గ్రానైట్ అంటారు. భూగర్భ శాస్త్రం లెక్కలో అది కూడా లోతున ఉడికి మెలితిరిగిన రాయే.

బారువ ఇసుక రంగు కూడా ఇక్కణ్ణించే వచ్చింది. మహేంద్రగిరిలో పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నది, దానిలాంటి మరికొన్ని, కొండరాతి పొడిని తీరానికి తెస్తాయి. అల తేలికైన తెల్ల ఇసుకని పక్కకి లాక్కుపోతే బరువైన గింజలు చారగా మిగులుతాయి. నల్లవి ఎక్కువగా ఇల్మనైట్, ఎర్రవి గార్నెట్. గ్రీసులో శాంటోరిని ద్వీపం నల్ల ఇసుక అగ్నిపర్వతపు రాయి అరిగి వచ్చిన పొడి. రంగొకటే, వంశం వేరు.

తెలుగునేల మీద లావా లేదని నేననడం లేదు. కావలసినంత ఉంది, మనం వెతికే చోట లేదు. కొవ్వూరు దగ్గర పంగిడి, రాజమండ్రి పక్కన కాతేరు క్వారీల్లో నల్లగా కనిపించేది నిజమైన లావారాయి. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ నాటిది. పడమటి కనుమల వైపు నుంచి వెయ్యి కిలోమీటర్ల దాకా ప్రవహించి వచ్చిందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. తెలంగాణలో ఆదిలాబాద్ వైపు, వికారాబాద్ అనంతగిరి కొండల్లోనూ ఆ పొరలే. మహేంద్రగిరి రాయి ఉడికిన కాలంతో పోలిస్తే అదంతా నిన్నటి మాట. ఇప్పటికీ మండే కొండ కావాలంటే బారెన్ ద్వీపం ఉంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి 138 కిలోమీటర్లు. చాలాకాలం నిద్రపోయి 1991లో లేచింది, ఆ తర్వాత కూడా పలుమార్లు బూడిద కక్కింది. మన శ్రీకాకుళం తీరం నుంచి వెళ్ళి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి, చుట్టాలుంటే అడగండి. ద్వీపం మీద అడుగు పెట్టనివ్వరు. పడవలోంచి చూసి రావాల్సిందే.

ఇక మహేంద్రగిరి నడక. చుట్టుపక్కల సవర యువకుల్ని వెంట తీసుకెళ్ళండి, కూలి ముందే మాట్లాడుకోండి. పైన భీముడి గుడి, కుంతి గుడి, ధర్మరాజు గుడి అని పిలిచే పాత శివాలయాలున్నాయి. భీముడే ఆ బండలు మోశాడని చెబుతారు. అది కథ, కథగా వినడం హాయి. కళింగాన్ని ఏలిన గాంగులు తమ కులదైవంగా కొలిచిన గోకర్ణేశ్వరుడిది ఈ కొండే. రాజేంద్ర చోళుడు ఇక్కడ విజయస్తంభం పాతించాడని కొండ మీది శాసనం చెబుతుంది. చూడాల్సింది ఇంత ఉండగా లేని లావా గురించి మాట్లాడి కాలం ఎందుకు పోగొట్టుకోవాలి? భయపడాల్సింది కూడా మరొకటి ఉంది. ఈ ప్రాంతానికి ముప్పు కొండ కిందినుంచి రాదు, సముద్రం మీదినుంచి వస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని, జీడితోటల్ని నేలకూల్చింది. కొండ మీద నడిచేవాళ్ళకి పిడుగు, మంచు, ఎండదెబ్బ నిజమైన ప్రమాదాలు. మేఘం కమ్మితే దిగిపోవాలని స్ట్రాంబోలి గైడు కాదు, మన సవర కుర్రాడు చెబుతాడు. వినండి.

జట్లని నడిపించే పెద్దలకి నాదొక మనవి. ఎక్కేముందు ఒక భూతద్దం, ఒక బలమైన అయస్కాంతం సంచిలో వేసుకోండి. కొండ మీద భూతద్దంతో గార్నెట్ చూపించండి, సాయంత్రం బారువలో అయస్కాంతంతో నల్ల ఇసుకని లాగి చూపించండి. రాళ్ళు ఏరి తెచ్చుకోవద్దని చెప్పండి. పిల్లలెవరైనా ‘ఇది లావాయా?’ అని అడిగితే ‘కాదు, సముద్రం అడుగున పేరుకున్న బురద, పాతిక కిలోమీటర్ల లోతున ఉడికి పైకొచ్చింది’ అని చెప్పండి.