నర్సింగు విద్యార్థినికి ఏమి నేర్పాలి?

ఇంటర్ కాగానే మన పల్లె సంఘాల నుండి ఎందరో ఆడపిల్లలు నర్సింగు చదువుకు వెళ్తున్నారు. “సేవాగుణం ఉంటే చాలు, పని అదే వస్తుంది” అని పెద్దలు దీవించి పంపుతారు. ఆ మాట సగమే నిజం.

1836లో జర్మనీలోని కైసర్స్‌వెర్త్ అనే ఊరిలో పాస్టరు థియోడోర్ ఫ్లీడ్నర్ దంపతులు డీకనెస్సులకు రోగుల పరిచర్య నేర్పే గృహాన్ని ప్రారంభించారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1851లో సుమారు మూడు నెలలు అక్కడ ఉన్నారు. అక్కడివారి భక్తిని ఆమె ఎంతో మెచ్చుకొన్నారు గాని, శుభ్రత మాత్రం బొత్తిగా లేదని తరువాత రాశారు. ప్రేమ ఉన్నది, శిక్షణ చాలలేదు.

1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేర పాఠశాల మొదలైంది. ఆమె అన్నిటికంటె ఎక్కువగా కోరినది పరిశీలన. రోగి రాత్రి బాగా నిద్రపోయాడా అని అడిగితే ఏమి తెలుస్తుంది? ఎన్ని గంటలు పడుకొన్నాడు, ఏ వేళ మెలకువ వచ్చింది అని అడగాలన్నది ఆమె బోధ. ఇంట్లో జబ్బుపడినవారిని చూసుకొనే మనకూ పనికొచ్చే సంగతే ఇది.

కదలలేని రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలని విద్యార్థినికి చెబుతారు. చెప్పినట్టు చేస్తుంది, మంచిదే. కాని ఒకేచోట బరువు పడితే అక్కడికి రక్తం సరిగా అందక చర్మం చితికిపోతుందని, పడకపుండ్లు అలాగే పుడతాయని తెలిసిన పిల్ల, ఎముకలు తేలిన ముసలమ్మను చూడగానే గంటకే తిప్పుతుంది. ఎవరూ చెప్పనక్కరలేదు. ఎందుకో నేర్పడమంటే ఇదే.

అయితే చాలాచోట్ల విద్యార్థినులు వార్డుకు చవకగా దొరికిన చేతులయ్యారు. అమెరికాలో 1923లో వెలువడిన గోల్డ్‌మార్క్ నివేదిక దీన్నే తప్పుపట్టింది. ఐడా స్కడర్ గారు 1909లో నర్సుల పాఠశాల పెట్టిన వేలూరులో 1946లో డిగ్రీ చదువు మొదలైంది. పాఠం చెప్పేవారే వార్డు బాధ్యత కూడా వహించే పద్ధతి అక్కడ ఉన్నది. పుస్తకం ఒకచోట, మంచం ఒకచోట కాకుండా ఇది కాపాడుతుంది.

మనం సీటుకోసం వెళ్ళినప్పుడు ఫీజు, హాస్టలు అడిగి తిరిగి వస్తాం. వార్డులో పిల్లల వెంట టీచరు ఉంటారా? రాత్రి డ్యూటీ నేర్చుకోవడానికా, మనుషులు చాలకనా? ఇవీ అడగాలి. ఆసుపత్రిలోకి వెళ్ళి, మంచాల మీద రోగులు ఉన్నారో లేదో కూడా చూసి రావాలి.